ఎడమకాలి పట్టీ

బోయిన్‌పల్లి మార్కెట్ గేటు ఎదురుంగ
ఆటో సీట్లు కుట్టుడు నా పని.
ఐసు అంటె నాకు ఎరుకైంది
చెరుకురసం బండి మీద గోనెసంచి కిందిదే.

అసుంటి నా దుకాన్లకు
ఒక దినం ఎస్తేరు వచ్చింది
రెండు పరుపులసుంటియి భుజానేసుకొని.
"కాకా, గివి కాళ్లకు కట్టుకునేటియి. కుడతవా?"
"ఏనుగు కాళ్లకా బిడ్డా?" అన్న.
నవ్వలే. కొలతలు చెప్పింది.

మాల్‌ల ఐసు మైదానం ఉంటదట.
పొద్దంత పిల్లలు గోడ పట్టుకొని జారుతరు,
పడ్డోళ్లను లేపుతది. అది జీతం.
రాత్రి పదకొండు దాటి షట్టర్లు పడ్డంక
జట్టోళ్లు దిగుతరు,
ఆమె గోల్ ముంగట నిలవడుతది.
అది కూడ జీతమే,
ఇయ్యాలె అనుకున్న నెల ఇస్తరు.

పన్నెండేండ్లు కుట్టిన.
మొఖం కంటె ప్యాడ్లు చూసిందే ఎక్కువ.
ఎడమ మోకాలు కాడ తోలు ముందుగాల అరిగేది,
అటే ఎక్కువ కూలవడుతదన్నట్టు.
కుడి దిక్కు నల్ల మచ్చలు, రబ్బరు బిళ్ల తాకినయి.
స్పిరిటు పెట్టి తుడ్వబోతె చెయ్యి పట్టుకున్నది.
"ఉండనియ్యి కాకా.
గోల్ కొట్టినోళ్ల పేర్లు పేపర్ల వస్తయి.
ఆపినయి గీడనే ఉంటయి."

ఒకపారి ఆ బిళ్ల నా చేతిల పెట్టింది.
ఇంజను కింది బుష్షు లెక్క ఉన్నది,
సల్లగ, బరువుగ.
గిది మొఖం మీదికొస్తుంటె కండ్లు మూసుకోవా అంటె
"మొదటి యేడు మూసుకున్న" అన్నది.

ఎండాకాలం ఒక రాత్రి చూడవోయిన.
బయట రోడ్డు ఇంక కాగుతనే ఉన్నది,
లోపల నేను, మంకీ టోపీ, మా ఇంటామె శాలువ.
అందరు ఉరుకుతుంటె ఆమె నిలవడే ఉన్నది.
బిళ్ల అటు దిక్కు ఉన్నంతసేపు
గోల్ కమ్మిని కట్టెతోని రెండుపార్లు తట్టుడు,
తలుపు జాగల ఉన్నదా అని చూసుకున్నట్టు.
ఎమ్మటే అందరు ఆమె మీదికే.
నేను ఆట చూడలే. కుట్లు చూసిన.

ఆ యేడు జనవరిల లేహ్‌కు పోయిన్రు.
ఫైనల్. ఒక్క గోల్‌తోని ఓడిన్రు.
వాపస్ వచ్చి ప్యాడ్లు బల్ల మీద పెట్టింది.
ఎడమకాలి పట్టీ లేదు,
ఆ జాగల షూ లేసు ముడి.
"పట్టీ మార్చు కాకా." గంతే.

ఆమె పోయినంక తెగిన కొస చూసిన.
నూలు దారం.
ఆ వారం నైలాన్ రీలు ఒడిసింది,
బయట ఆటోలు లైన్ల ఉండె,
గీ ఒక్కదానికి ఏమైతది తియ్యి అని
దిండ్ల దారమే ఎక్కిచ్చిన.
తడికి నాని, సలికి బిగుసుకొని
కాలు మడిచిన ఒక్క సందుల తెగి ఉంటది.
ప్యాడు తిరిగి ఉంటది.
ఎంత జాగ? జానెడు.
బిళ్లకు బెత్తెడు సాలు.

ఆమెకు తెలుసో తెల్వదో.
నేను చెప్పలే.
పట్టీకి పైసలు వద్దన్న.
ఎప్పటి లెక్కనే చిల్లరతోని సహా
బల్ల మీద పెట్టి పోయింది.

మొన్న శ్రావణంల ఐసు మైదానం మూసిన్రు,
కరెంటు బిల్లు కట్టలేక.
మల్లొచ్చింది, గవే ప్యాడ్లతోని.
"తొమ్మిదేండ్ల పోరి ఒకతి ఉన్నది.
దీన్ని చిన్నగ చేస్తవా?"
ఏడ ఆడుతది అంటె
"గిప్పటికైతె చక్రాల మీద, ఇందిరా పార్కు కాడ."

మచ్చలున్న దిక్కు తెగకుండ
టేపు తిప్పి తిప్పి పెట్టిన. కుదరలే.
నా చేతికెల్లి సుద్దముక్క గుంజుకొని
ఆమెనే గీసింది గీత,
మచ్చల నడుమకెల్లి.

నాలుగు పట్టీలు. నైలాన్ దారం, రెండు వరుసలు.
ఎడమదానికి మూడు.
ఆమె గుంజి చూసింది.
"గంత గట్టిగ ఎందుకు కాకా?"

సూదిల దారం ఎక్కిస్తున్న.
తల లేపలే.